మర గొంతుకి అంతమంది అభిమానులెందుకు? పాటతో బతికేవాళ్ల కోసం

గోదావరి జిల్లాల్లో పాటే కూడు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా పాడేవాళ్లు, భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లో స్టేజీ ఎక్కేవాళ్లు, క్రిస్మస్‌కి చర్చి పాటల ఆల్బమ్ చేసేవాళ్లు, కార్తీకంలో అయ్యప్ప భజనలకి పిలుపు అందుకునేవాళ్లు, ఎన్నికలొస్తే ప్రచార రథానికి పాట రికార్డు చేసేవాళ్లు. వాళ్ల వెనక రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో, అమలాపురంలో చిన్న చిన్న స్టూడియోలు, మిక్సింగ్ కుర్రాళ్లు, కీబోర్డు వాయించేవాళ్లు. ఈమధ్య వీళ్లలో ఎవరిని పలకరించినా ఒకటే బెంగ. ఏఐ పాడేస్తోందండీ, ఇక మనల్ని ఎవరు పిలుస్తారు?

ఆ బెంగలో నిజం ఉంది. కానీ ఏ పని పోతుందో, ఏ పని నిలుస్తుందో ఊహించుకుని భయపడక్కర్లేదు. కంప్యూటర్ పాడే గొంతులకి ఇరవై ఏళ్లుగా అభిమానులున్న దేశం ఒకటుంది, జపాన్. అక్కడ జనం ఏ గొంతుని నెత్తిన పెట్టుకున్నారో, దేన్ని పట్టించుకోకుండా వదిలేశారో చూస్తే మనం చేయాల్సిన పని చాలావరకు తేలుతుంది.

యమహా కంపెనీ 2000లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పోంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంతో కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టింది. మాటలూ స్వరాలూ టైపు చేసి ఇస్తే కంప్యూటర్ పాడాలి. దాని పేరు వోకలాయిడ్. 2004లో బ్రిటన్‌కి చెందిన జీరో-జి సంస్థ లియోన్, లోలా అనే రెండు గొంతుల్ని దాని మీద విడుదల చేసింది. ఆ గొంతులకి ఒక ముఖం లేదు, కథ లేదు. స్టూడియోలో గాయకుడి బదులు వాడుకునే సరుకుగా అమ్మారు. జనం పెద్దగా పట్టించుకోలేదు. అదే ఏడాది జపాన్‌లో క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే సప్పొరో సంస్థ తెచ్చిన మెయికో మూడు వేల కాపీల పైన అమ్ముడైంది. 2006లో వచ్చిన మగ గొంతు కైతో మొదటి ఏడాది ఐదొందల దగ్గరే ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగింది మన గాయకులు శ్రద్ధగా వినాలి. తర్వాతి గొంతు కోసం క్రిప్టన్ సంస్థ పేరున్న గాయకుల్ని అడిగింది. తమ గొంతుకి నకళ్లు పుట్టుకొస్తాయన్న భయంతో వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో కంపెనీ ఫలానా గాయనిలా పాడే యంత్రం చేయాలన్న ఆలోచనే మానుకుని, ఎవరినీ అనుకరించని, తనకంటూ ఒక రంగున్న గొంతు కావాలనుకుంది. గాయకుల్ని వదిలి, కార్టూన్ సినిమాలకి డబ్బింగ్ చెప్పేవాళ్ల వైపు తిరిగింది. అలా సాకి ఫుజిత అనే డబ్బింగ్ కళాకారిణి గొంతుతో 2007 ఆగస్టు 31న వచ్చింది హత్సునే మికు. మరుసటి ఏడాది జూలై నాటికి 40,000 కాపీలు పోయాయి. సంగీతం సాఫ్ట్‌వేర్ వెయ్యి అమ్ముడైతే గొప్ప అనుకునే రోజులవి. 2014లో లేడీ గాగా కచ్చేరీలకి ముందు పాటలు పాడింది ఈ లేని మనిషే.

మికు గొంతు మనిషి గొంతులా ఉంటుందా? ఉండదు. సన్నగా, పైస్థాయిలో, కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. యంత్రమని రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. ఆ తెలిసిపోవడాన్ని ఎవరూ దాచలేదు. పైగా పాటలు కట్టేవాళ్లు ఆ లోపాన్నే పట్టుకుని కొత్త రకం పాట పుట్టించారు. యంత్రానికి ఊపిరి తీసుకునే పని లేదు కనక, కాస్మో అనే స్వరకర్త నిమిషానికి 240 బీట్ల వేగంతో మాటలు కుమ్మరించే పాట రాశాడు. ఆ గొంతు లేకపోతే ఆ పాట పుట్టేది కాదు. నేను గట్టిగా నమ్మేది ఇదే. అచ్చం మనిషిలా ఉన్నందుకు ఏ మర గొంతుకీ అభిమానులు రాలేదు. రెండు లైన్లు వినగానే పేరు పెట్టి చెప్పగలిగినందుకు వచ్చారు.

ఇది మన డెల్టాకి ఎందుకు తగులుతుందంటే, మన స్టేజీ వ్యవహారం చాలా ఏళ్లుగా దీనికి తలకిందులుగా నడుస్తోంది. జూనియర్ ఘంటసాల, జూనియర్ బాలు, అచ్చం సుశీలమ్మ అన్న మాటలే పోస్టర్ మీద గొప్ప బిరుదులు. అలా పాడేవాళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఘంటసాల పద్యం పట్టుకోవాలంటే ఏళ్ల తరబడి సాధన కావాలి, ఆ సాధన వాళ్లకి చాలా నేర్పింది. కానీ ఒక గొంతుని అచ్చుగుద్దినట్టు దించడమే పనైతే, ఆ పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తుంది, చౌకగా చేస్తుంది, జలుబు చేసిన రోజున కూడా చేస్తుంది. మొదట పోయేది ఆ పనే. రెండోది, సినిమా పాటకి అసలు గాయకుడు వచ్చేలోపు నమూనాగా పాడి ఉంచే ట్రాక్ సింగర్ పని. దాని మీదే ఆశ పెట్టుకుని చెన్నై, హైదరాబాద్ వెళ్లాలనుకునే పిల్లలకి ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

నకలు గొంతుని మన జనం ఎలా తీసుకున్నారో కూడా చూశాం. 2023లో వచ్చిన కీడా కోలా సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతుని ఏఐతో వినిపించారు. కుటుంబాన్ని అడగలేదంటూ ఆయన కొడుకు ఎస్పీ చరణ్ 2024 ఆరంభంలో సినిమావాళ్లకి లీగల్ నోటీసు పంపారు. అదే సమయంలో తమిళంలో లాల్ సలామ్ సినిమా కోసం ఏ.ఆర్. రెహమాన్, చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతుల్ని ఇలాగే వాడారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని ఆయనే ప్రకటించారు. రెండింటికీ మధ్య తేడా అనుమతి, డబ్బు. ఆ తేడా చాలా పెద్దది. అయినా నా మటుకు నాకు రెండో దారిలోనూ బతికున్న గాయకుడికి ఒరిగేది కనపడదు. బాలు గారిని ప్రేమించేవాళ్లు ప్రేమించేది ఒక మనిషిని, ఆయన నవ్వుని, పాట మధ్యలో ఆయన చేసే చిలిపితనాన్ని. మికుని ప్రేమించేవాళ్లకి అక్కడ మనిషి లేదని ముందే తెలుసు, మోసం లేదు. రెండూ కలిపి గందరగోళం చేసినప్పుడే జనం మనసు కష్టపెట్టుకుంటారు.

సొంత రంగు అనగానే పుట్టుకతో వచ్చిన వరం అనుకోకండి. రాజోలు పక్కన శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి సంగతే తీసుకోండి. మహతి, లవంగి లాంటి కొత్త రాగాలు కట్టారు, సంప్రదాయం తప్పుతున్నారన్న మాట పడ్డారు, తన పలుకుబడి మార్చుకోలేదు. విజయవాడ రేడియోలో భక్తిరంజని వినిపించిన రోజుల నుంచీ ఆ గొంతు ఇంకెవరిదీ అనిపించలేదు. ఈ కాలానికి వస్తే, 2018లో రంగంపేట మండలం వడిశలేరుకి చెందిన బేబి గారి పాట ఫోన్లో రికార్డయి దేశమంతా తిరిగింది. పాడింది ప్రేమికుడు సినిమా పాట, వీడియో పంచుకున్నవాళ్లలో రెహమానే ఉన్నారు. ఆ తర్వాత మన గాదరాడ వాడైన సంగీత దర్శకుడు రఘు కుంచె ఆమె చేత సొంత పాట పాడించారు. అరువు పాట ఆమెని జనానికి చూపించింది. గాయనిగా నిలబడడానికి ఆమెకోసం కట్టిన పాట కావాల్సి వచ్చింది.

అందుకని మొదటి పని. ఎవరూ పాడని పాట ఒకటి తీసుకోండి. మీ ఊళ్లో పాటలు రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్ల దగ్గర అడగండి. ఆసరాగా పాత రికార్డు ఉండకూడదు, అప్పుడే మీ గొంతు ఎటు వెళ్తుందో తెలుస్తుంది. తంబుర శ్రుతి ఒక్కటే పెట్టుకుని, ఎకో లేకుండా, ఫోన్లోనే రికార్డు చేయండి. మిమ్మల్ని ఎరగని నలుగురికి వినిపించి, ఎవరిలా ఉందని అడగండి. ఒక పెద్ద గాయకుడి పేరు వెంటనే వస్తే ఇంకా పని ఉందన్నమాట. ఎక్కడ మీ గొంతు బొంగురుపోతుందో, ఏ అక్షరం దగ్గర మీ ఊరి యాస తొంగి చూస్తుందో అక్కడ చెరిపేయకండి. గోదారి యాసలో సాగదీసి పలికే తీరు మనకి సిగ్గుపడే విషయం కాదు. డబ్బింగ్‌లో, ప్రకటనల్లో, జానపదంలో అది ఆస్తి.

రెండోది, మికు సాఫ్ట్‌వేర్ అమ్మిన పెట్టె మీద ఏం రాశారో చూడండి. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు అన్న ముచ్చట్ల పక్కనే, ఈ గొంతు ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా బాగుంటుందో చెప్పి, నిమిషానికి 70 నుంచి 150 బీట్ల వేగంలో బాగుంటుందని ముద్రించారు. కొనేవాడికి ముందే తెలుసు, దీని చేత ఏం పాడించాలో, ఏం పాడించకూడదో. మన గాయకుల్లో ఎంతమంది తమ గురించి ఇలా ఒక కాగితం రాసి పెట్టుకున్నారు? నా శ్రుతి ఒకటిన్నర, పైన పంచమం దాకా హాయిగా వెళ్తాను, విషాద గీతం బాగా పలుకుతుంది, గబగబా సాగే పాట కుదరదు, పద్యం చదవగలను, తెలుగుతో పాటు తమిళం సాఫీగా పలుకుతాను. ఈ నాలుగు మాటలూ, ఒక్కోదానికి అర నిమిషం నమూనా, వాట్సాప్‌లో పంపడానికి సిద్ధంగా ఉంచుకోండి. స్టూడియోవాడు ఫోన్ చేసినప్పుడు ఏదైనా పాడతానండీ అన్నవాడికంటే, ఇది బాగా పాడతాను, అది వేరేవాళ్లకి ఇవ్వండి అన్నవాడే గుర్తుంటాడు. 2010లో క్రిప్టన్ మికుకే ఆరు రకాల స్వభావాలు విడివిడిగా అమ్మింది, మెత్తనిది, తియ్యనిది, చీకటిది, ఇలా. మీకూ రెండు మూడు ఉంటాయి. వాటికి విడివిడిగా నమూనాలు చేయండి.

ఇక అభిమానుల విషయం. మికు పాటల్లో ఎక్కువ భాగం కంపెనీ చేసినవి కావు. కొన్నవాళ్లు రాసినవి, వాటికి ఇంకొకరు బొమ్మ గీసినవి, ఇంకొకరు నాట్యం చేసినవి. లాభం కోసం కాకపోతే మికు బొమ్మనీ పేరునీ వాడుకోవచ్చని కంపెనీ రాతపూర్వకంగా చెప్పేసింది. 2006లో అమ్ముడుపోని కైతోని గుర్తుంచుకోండి. మికు వచ్చాక జనం పాత గొంతుల్ని కూడా వెతికి తీశారు, కైతోకీ సొంత అభిమాన బృందం ఏర్పడింది. గొంతు అదే, ఒక్క ముక్క మారలేదు. దాంతో ఏం చేయొచ్చో నలుగురికి తోచింది, అంతే. కసనే తెతో కథ మరీ చిత్రం. 2008లో ఏప్రిల్ ఫూల్ ఆటగా పుట్టిన బొమ్మ అది. ఉటౌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం నిజంగానే ఒక గొంతు చేసి పెట్టారు, అభిమానులు వదల్లేదు. పదిహేనేళ్లకి, 2023లో, డబ్బు పెట్టి కొనే సింథసైజర్ వి అనే సాఫ్ట్‌వేర్ గొంతుగా వచ్చింది. 2024లో మికుతో కలిసి పాడిన మెస్మరైజర్ పాట కుర్రకారు నోట్లో నానింది.

మన దగ్గర దీనికి ఆచరణ ఏమిటంటే, పాటతో పాటు దాని ట్రాక్ కూడా విడుదల చేయండి. పాలకొల్లులో సండే స్కూల్ పిల్లలు పాడుకోవాలన్నా, మండపేటలో భజన మండలి ఎత్తుకోవాలన్నా, ఎవరినీ అడగక్కర్లేకుండా ఉండాలి. డబ్బు తీసుకోని కార్యక్రమాల్లో స్వేచ్ఛగా వాడుకోండి, పేరు చెప్పండి, టికెట్టు పెట్టినా ఆల్బమ్‌గా అమ్మినా ముందు మాట్లాడండి అని పాట కింద రెండు లైన్లు రాయండి. ఇతరుల నోట్లో పడని పాట మన దగ్గర ఎప్పుడూ ఎక్కువకాలం బతకలేదు. పద్యనాటకాలకి వన్స్‌మోర్ కొట్టిన ఊళ్లలో మర్నాడు పొలంగట్ల మీద ఆ పద్యాలే వినబడేవి.

స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్లకి వేరే కబురు. మర గొంతు దానంతటది బాగా పాడదు. ఎక్కడ ఊపిరి పెట్టాలి, స్వరం ఎక్కడ నుంచి ఎక్కి ఎక్కడ వాలాలి, వణుకు ఎంత ఉండాలి, ఇవన్నీ ఒకరు కూర్చుని దిద్దాలి. జపాన్‌లో అభిమానులు గొంతు పేరుతో పాటు దిద్దినవాడి పేరూ వెతుక్కుంటారు. ఒకే మికు ఒకరి చేతిలో బొమ్మలా, ఇంకొకరి చేతిలో ప్రాణమున్నట్టు పలుకుతుంది. ఈ పనికి కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు ఎంతో ముందుంటారని నా నమ్మకం. తెర మీద స్వరాన్ని గీతలా గీయాలి. కంపితం ఎలా ఊగుతుందో, జారు ఎలా జారుతుందో ఒంట్లో ఉన్నవాడు ఆ గీత గీస్తే వేరుగా ఉంటుంది. సంగీతంలో డిప్లొమా చేసి, పాఠాలు చెప్పుకోవడం తప్ప దారి లేదనుకునే పిల్లలకి ఇది నిజమైన పని. డబ్బు పెట్టి కొనలేనివాళ్లు ఉటౌ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టొచ్చు.

తెలుగు పలుకు దగ్గర ఇంకో పని దాగుంది. పేరున్న ఈ గొంతుల్ని జపనీస్, ఇంగ్లిష్, చైనీస్ లాంటి భాషల కోసం చేశారు. వాటి చేత తెలుగు పాడిస్తే పాట కాస్తా పాత అవుతుంది, కళలు కలలవుతాయి, కల్ల అన్నది కల అయిపోతుంది. ట, డ, ణ, ళ, ద్విత్వాలు, దీర్ఘాలు, ఇక్కడే తడబాటంతా. విని, పట్టుకుని, సరిచేసే చెవి మనకే ఉంటుంది. జపనీస్‌లాగే తెలుగు మాటలూ ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అది గొంతు తయారీకి మేలు చేస్తుంది. వోకలాయిడ్‌లో జపనీస్ గొంతుకి ఒక్కో స్థాయిలో సుమారు 500 ధ్వని జంటలు రికార్డు చేస్తే చాలు, ఇంగ్లిష్‌కి 2,500 దాకా కావాలి. తెలుగుకి సొంతంగా ఒక గొంతు చేద్దామనుకునేవాళ్లకి మొదటి పట్టిక చేతిలోనే ఉంది, గుణింతం. క నుంచి క్ష దాకా ఒకే శ్రుతిలో, ఒకే బలంతో పాడి రికార్డు చేయండి. తర్వాత ద్విత్వాలు, సంయుక్తాలు, అచ్చు నుంచి హల్లులోకి వెళ్లే మలుపులు. ఓపిక కావాల్సిన పని, కానీ ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిస్తే అయ్యేదే. దానికి గోదారి పేరొకటి పెట్టి, మంచి బొమ్మ గీయించండి. ఎవరి గొంతుకీ నకలు కానివ్వకండి.

ఇప్పుడు కాగితాల సంగతి. మీ గొంతు కావాలి, రెండు గంటలు మాటలు చదివితే చాలు, డబ్బిస్తాం అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వెంటనే ఒప్పుకోకండి, వెంటనే కాదనకండి కూడా. ఆ రికార్డింగ్ ఒక పాట కోసమా, లేక మీ గొంతుతో యంత్రాన్ని తయారుచేయడానికా అన్నది ముందు రాతలో తేల్చుకోండి. రెండూ వేర్వేరు బేరాలు. మొదటిది ఒక పూట కూలి, రెండోది భూమిని కౌలుకిచ్చినట్టు. గడువెంతో, ఎక్కడెక్కడ వాడతారో, వచ్చేదాంట్లో మీ వాటా ఏమిటో, గడువు తీరాక ఆ యంత్రాన్ని ఏం చేస్తారో అడగాలి. ఏ పాటలకి వాడకూడదో కూడా రాయించండి. భజనలు పాడే అమ్మాయి గొంతు రేపు ఎవరో పార్టీకి తిట్ల పాట పాడితే, ఊళ్లో తలెత్తుకోలేనిది ఆ అమ్మాయే.

చట్టం మరీ అంత ఖాళీగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ గాయకులకి తమ పాట మీద 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. 2012 సవరణతో రాయల్టీ హక్కు, పేరు చెప్పించుకునే హక్కు బలపడ్డాయి. హక్కులు రాసిచ్చే నియమాలు 39ఎ సెక్షన్ ద్వారా గాయకులకీ వర్తిస్తాయి. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ అంటుంది. రాసిచ్చిన నాటికి లేని వాడుక పద్ధతికి ఆ ఒప్పందం వర్తించదని, ప్రత్యేకంగా ప్రస్తావిస్తేనే వర్తిస్తుందని 18వ సెక్షన్ చెబుతుంది. పదేళ్ల కిందట ఆడియో కంపెనీకి సంతకం పెట్టినవాళ్లు ఆ పాత కాగితం తీసి ఒక లాయరు గారికి చూపించడం మంచిది. గొంతు సంగతికొస్తే, 2024 జూలైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతుని అనుమతి లేకుండా ఏఐతో వాడొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025లో ఆశా భోంస్లే విషయంలోనూ అలాంటి ఉత్తర్వే వచ్చింది. వాళ్లు పేరున్నవాళ్లు, కోర్టుకి వెళ్లగలిగారు. మనలాంటివాళ్లకి మొదటి రక్షణ ముందు రాసుకున్న కాగితమే.

స్టూడియో యజమానులకి చివరగా ఒక మాట. మా నాన్నగారి సంవత్సరీకానికి బాలు గారి గొంతులో పాట చేసిపెట్టండి అని అడిగే కస్టమర్ రేపో మాపో వస్తాడు. ఆయన ప్రేమతోనే అడుగుతాడు, అందుకని కసురుకోకుండా చెప్పాలి. ఆ గొంతు మనది కాదండీ, వాళ్ల ఇంటివాళ్లది, అడగకుండా వాడితే రేపు మీకూ మాకూ నోటీసు వస్తుంది అని నేరుగా చెప్పండి. మీ ఊళ్లో బాగా పాడే గాయకుణ్ణి పిలిపించి, వాళ్ల నాన్నగారి పేరు, ఊరు, చేసిన పని కలిపి కొత్త పాట కట్టిస్తామని చెప్పి, నమూనాకి ఒక చరణం వినిపించండి. మర గొంతే చాలన్నవాళ్లకి పేరున్నవాళ్ల నకలు కాని గొంతుతో చేసి, బిల్లు మీదా పాట కిందా మర గొంతు అని రాయండి, దిద్దిన కుర్రాడి పేరు పక్కనే వేయండి.